ముందస్తు అనుమతితో ఆత్మరక్షణ

ఒక మనిషి తన ప్రాణం కాపాడుకోవడానికి ఎదుటివాడి ప్రాణం తీస్తే, అది న్యాయమో కాదో తేల్చడానికి మన దగ్గర పదేళ్ళు పడుతుంది. ఈలోగా చంపినవాడి జుట్టు నెరుస్తుంది, సాక్షులు ఊళ్ళు మారతారు, కత్తి తుప్పు పడుతుంది. చచ్చినవాడికి మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు. ఇంత జాప్యం ఎందుకవుతోందని ఒక ఉన్నతస్థాయి సంఘం పద్దెనిమిది నెలలు కూర్చుని ఆలోచించి, చివరికి అసలు లోపం పట్టుకుంది. విచారణ చావు తర్వాత జరుగుతోంది. దాన్ని చావుకి ముందే జరిపిస్తే గొడవే లేదు.

ఇల్లు కట్టాలంటే ముందు అనుమతి, తర్వాత ఇల్లు. పెళ్ళిలో మైకు పెట్టాలన్నా ముందు అనుమతి, తర్వాత పాట. మనిషిని చంపడం మైకు పెట్టడం కంటే చిన్న పనా అని సంఘం తన నివేదికలో ప్రశ్నించింది. దానికి ఎవరి దగ్గరా సమాధానం లేకపోవడంతో జీవో వచ్చేసింది.

ఆ జీవో ప్రకారం రాష్ట్రంలో మొట్టమొదటి 'ఆత్మరక్షణ హక్కు ముందస్తు అనుమతుల కార్యాలయం' ప్రయోగాత్మకంగా పెద్దకాలవపేటలో తెరుచుకుంది. వేరే భవనం దొరకక పశువుల ఆసుపత్రిలో సగం ఇచ్చారు. ఎడమ పక్క గేదెలు, కుడి పక్క ప్రజలు. ఎటు వెళ్ళాలో తెలియక మొదట్లో కొందరు తికమకపడ్డారు గాని, రెండు వరసలూ ఒకే వేగంతో కదలడం వల్ల పెద్దగా నష్టపోయినవాళ్ళు లేరు.

ఆ ఊరి బస్టాండు ఎదురుగా నూకరత్నం కొబ్బరిబోండాలు అమ్ముతుంది. పదకొండేళ్ళుగా అదే చోటు, అదే బండి, అదే గొడుగు. మొగుడు పోయాక పెట్టిన వ్యాపారం. ఎడమచేత్తో బోండాం పట్టుకుని కుడిచేత్తో మూడే వేట్లు వేస్తుంది. నాలుగో వేటు వెయ్యాల్సి వస్తే ఆ రోజు తన ఒంట్లో బాగాలేదని లెక్క. నీళ్ళు తాగాక కాయ రెండుగా చీల్చి, డొక్కలోంచి చిన్న చెక్క చెక్కి చెంచాలా చేతికిస్తుంది. పని మీద ఉన్న మనిషి కాబట్టి ఎవరి జోలికీ పోదు.

ఆమె జోలికి సూరిబాబు వచ్చాడు. ఇతగాణ్ణి స్టాండు సూరిబాబు అంటారు. బస్టాండులో ఎవరు ఏం అమ్మాలో, ఎక్కడ కూర్చోవాలో అతనే చెప్తాడు. చెప్తే వినని సైకిల్ స్టాండు అప్పల్రాజు తల నాలుగు నెలలు కట్టుతో ఉంది. ఆ సంగతి పట్టపగలు మూడొందలమంది మధ్య జరిగినా, చూసినవాళ్ళు ఒక్కరూ దొరకలేదు.

"అక్కా, ఈ చోటు మా బామ్మర్దికి కావాలి. జూసు షాపు పెడతాడంట," అన్నాడు సూరిబాబు, ఉచితంగా బోండాం తాగుతూ.

"నేనెక్కడికెళ్ళను బాబూ?"

"అది నువ్వు సూసుకోవాలి. వచ్చే నెల దాకా టైమిత్తన్నాను. అప్పటికీ ఇక్కడే ఉంటే సంపేత్తాను." అతను కోపంగా అనలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పి, ఖాళీ కాయ పక్కన పడేసి వెళ్ళిపోయాడు.

నూకరత్నానికి ఆ రోజంతా ప్రతి కాయకీ నాలుగు వేట్లు పడ్డాయి.

మర్నాడు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది. ఎస్సై ఓపిగ్గా విన్నాడు. "చంపాడా?" అని అడిగాడు.

"ఇంకా లేదండి."

"చంపకుండా హత్య కేసు ఎలా కట్టమంటావమ్మా? చంపాక రా. లేదూ, అతను మీదికొస్తే తిరగబడదామనుకుంటున్నావా? అలాగైతే అది ఇప్పుడు మా చేతుల్లో లేదు. పశువుల ఆసుపత్రికి వెళ్ళు."

ఆసుపత్రి గేటు పక్కన నీలం బరకం కింద టైపు మిషను పెట్టుకుని భగవాన్లు కూర్చుంటాడు. ముప్పయ్యేళ్ళుగా అర్జీలు రాసి రాసి, ఏ ఆఫీసులో ఏ అర్జీ ఎక్కడ ఆగిపోతుందో చూడకుండా చెప్పగలిగే స్థితికి చేరుకున్నాడు. నూకరత్నం చెప్పింది విని, పదకొండు పేజీల ఫారం బయటికి తీశాడు.

"దాడి జరగబోయే తేదీ, సమయం ఏవమ్మా?"

"నాకెలా తెలుత్తుందండి?"

"ఖాళీ వదిలితే తిప్పి కొడతారు. దాడి ఏ దిక్కునుంచి?"

"బస్టాండు ఇటు పక్కనుందండి."

"పడమర. ఆయుధం?"

"అప్పల్రాజుని ఇనప రాడ్డుతో కొట్టాడండి."

"బాగుంది. దరఖాస్తుదారు సదరు దాడిదారుణ్ణి పూర్తిగా చంపదలచుకున్నారా, పాక్షికంగానా?"

నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. "నేనెవర్నీ సంపాలనుకోటం లేదండి. నన్ను సంపకుండా ఉంటే సాలు."

"అలా రాస్తే ఆత్మరక్షణ అవసరం లేదంటారమ్మా. పూర్తిగా అని రాస్తున్నాను. మనసులో పెట్టుకోకు." భగవాన్లు టకటకా కొట్టాడు. 'నేను, అనగా నూకరత్నం, సదరు సూరిబాబును నా బోండాల కత్తితో చంపవలసి రావచ్చునని ఇందుమూలముగా తెలియజేసుకొనుచున్నాను.' అన్నీ అయ్యాక చివరి పేజీ ఆమె వైపు తిప్పి, "ఇక్కడ దాడిదారు ధ్రువీకరణ సంతకం కావాలి. తేదీ కూడా అతణ్ణే అడుగు," అన్నాడు.

తనని చంపుతానన్నవాడి దగ్గరికి సంతకం కోసం వెళ్ళడానికి నూకరత్నం రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు గుండె రాయి చేసుకుని వెళ్ళింది. సూరిబాబు టికెట్ల కిటికీ పక్కన కుర్చీలో కాలుమీద కాలేసుకుని ఉన్నాడు. కాగితం చూసి చాలా సంతోషించాడు. పదిహేనేళ్ళుగా ఊళ్ళో ఎంతోమందిని కొట్టినా, తన పేరు ఇంత మర్యాదగా టైపులో చూసుకోవడం అదే మొదటిసారి.

"వచ్చే నెల రెండో ఆదివారం, పొద్దున్న పదింటికని రాసుకో. ఎండెక్కితే నాకు తలనొప్పి," అన్నాడు. సంతకం చేసి, "దీని నకలు నాకోటి ఇప్పించక్కా. దాసుకుంటాను," అన్నాడు.

కాగితాలన్నీ జతపడి ఆఫీసు ముద్ర పడ్డాక నకలు ఇవ్వాలని ఫారంలోనే ఉంది. ఇచ్చింది.

అనుమతుల అధికారి పేరు శేషావతారం. చాలా మంచి మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనడు, ఎవరికీ ఏ పనీ చెయ్యడు. ఆయన ముందు నూకరత్నం మూడు వారాల్లో తొమ్మిదిసార్లు నిలబడింది. మొదట ఆధార్ నకలన్నారు. తర్వాత కత్తి ఫోటో అన్నారు. ఆ తర్వాత కత్తితో దిగిన ఫోటో అన్నారు. ఆరోసారి వెళ్ళినప్పుడు అసలు పరీక్ష మొదలైంది.

"ఆత్మరక్షణ అన్నది చాలా సున్నితమైన హక్కమ్మా," అన్నాడు శేషావతారం. "సదరు హక్కు వినియోగంలో ప్రతిఘటన దాడికి మించి ఉండరాదు. ఇది మౌలిక సూత్రం. కావున తమ ఆయుధాన్నీ దాడిదారు ఆయుధాన్నీ తూచవలసి ఉంది."

సూరిబాబుకి నోటీసు వెళ్ళింది. అతను రాడ్డు తువ్వాల్లో చుట్టుకుని, చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఆఫీసుకి సొంత త్రాసు ఇంకా మంజూరు కాలేదు కాబట్టి, పక్కన దూడల్ని తూచే త్రాసు వాడారు. దానిమీద కత్తి పెడితే ముల్లు కదల్లేదు. రాడ్డు పెట్టినా కదల్లేదు.

"శూన్యం, శూన్యం. ఉభయ ఆయుధాలూ సమానం," అని శేషావతారం స్వయంగా రాసుకున్నాడు. నూకరత్నానికి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇక కాగితం చేతికి వచ్చేస్తుందనుకుంది.

తొమ్మిదోసారి వెళ్ళేసరికి బుధవారం. ఆదివారానికి నాలుగు రోజులుంది. శేషావతారం కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"తమ దరఖాస్తు తిరస్కరించడమైనది," అన్నాడు, ఎంతో బాధగా.

"ఎందుకండీ?"

"చట్టం స్పష్టంగా ఉందమ్మా. అధికారులను ఆశ్రయించే వ్యవధి లేనప్పుడు మాత్రమే పౌరులకు ఆత్మరక్షణ హక్కు సంక్రమిస్తుంది. తమరు మమ్మల్ని తొమ్మిది పర్యాయములు ఆశ్రయించారు. అంటే తమకు వ్యవధి ఉంది. వ్యవధి ఉన్నది కాబట్టి ప్రమాదం ఆసన్నం కాదు. ఆసన్నం కాదు కాబట్టి హక్కు లేదు."

"మరి నేనిక్కడికి రాకుండా ఉంటే?"

"హక్కు ఉండేది."

"అప్పుడు మీదికొచ్చినోణ్ణి నేనాపుకునేదాన్నా?"

"అనుమతి లేకుండా ఎలా ఆపుతారమ్మా? కేసవుతుంది."

నూకరత్నం వెనక్కి తిరిగింది. గేదెల వరస పక్కనుంచి నడిచి బయటికి వచ్చి, భగవాన్లు బరకం కింద కూలబడింది. ఏడుపు కూడా రాలేదు.

అసలు దెబ్బ శుక్రవారం తగిలింది. సూరిబాబు తనకిచ్చిన నకలు దాచుకోవడంతో ఊరుకోలేదు. దాన్ని ఎవరి చేతనో చదివించుకున్నాడు. నూకరత్నం తనని చంపవలసి రావచ్చునని వేలిముద్రతో సహా రాసిచ్చింది. ఆఫీసు ముద్ర ఉంది. కత్తితో దిగిన ఫోటో జతపరిచి ఉంది. అంతకంటే పక్కా సాక్ష్యం లోకంలో ఎవరి దగ్గరుంటుంది? సూరిబాబు తన ప్రాణానికి నూకరత్నం వల్ల హాని ఉందని ఆత్మరక్షణకు దరఖాస్తు పెట్టాడు. ఆయుధాలు తూచడం ముందే అయిపోయింది. అతను అధికారుల్ని ఆశ్రయించింది ఒక్కసారే కాబట్టి వ్యవధి లేనట్టే. మధ్యాహ్నానికల్లా అనుమతి చేతికి వచ్చింది. ఇంత శుభ్రమైన ఫైలు తన సర్వీసులో చూడలేదని శేషావతారం మెచ్చుకున్నాడు.

సాయంత్రం సూరిబాబు ఆ అనుమతి పత్రాన్ని లామినేషన్ చేయించి బండి దగ్గరికి తెచ్చి చూపించాడు. "అక్కా, ఇంక నాకే అడ్డూ లేదు. గవర్నమెంటే సంపమంది," అన్నాడు, పిల్లాడు మార్కుల కాగితం చూపించినట్టు.

నూకరత్నం బండి మూసేసి, ఆఫీసులో ఆ పత్రం నకలు సంపాదించుకుని, నేరుగా భగవాన్లు దగ్గరికి వెళ్ళింది. ఊరు విడిచి పోదామనుకుంది. ఎక్కడికి పోవాలో తోచలేదు. ఆ చోటు తప్ప ఆమెకి లోకంలో ఇంకేమీ లేదు, ఆ చోటు వదిలితే బతికినా చచ్చినట్టే.

"పంతులుగారూ, ఇందులో ఏం రాశారో మొత్తం సదవండి. ఒక్క ముక్క వదలకండి," అంది.

భగవాన్లు చదివాడు. మొదటి పేజీలో అనుమతి ఉంది. మిగతా నాలుగు పేజీల్లో షరతులున్నాయి. రక్షణదారుడు తనంత తానుగా దాడిదారు వైపు అడుగు వేయరాదు. దాడిదారు తన వైపు వచ్చుచున్నప్పుడు వెనుకకు తగ్గవలెను. ధ్రువీకరించిన గోడకు వీపు ఆనినంత వరకు తగ్గుచునే ఉండవలెను. తగ్గునప్పుడు ముఖము దాడిదారు వైపే ఉండవలెను. గోడకు ఆనిన పిమ్మట రక్షింపుడని ముమ్మారు కేక వేయవలెను. ఇందులో ఏది తప్పినా అది మామూలు హత్యగా పరిగణింపబడును. అనుమతి ఒక సంవత్సరము చెల్లును.

నూకరత్నం ఆ షరతులన్నీ వేళ్ళ మీద ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. తర్వాత, "ఇందులో దాడిదారంటే ఎవరండి?" అంది.

"నువ్వేనమ్మా."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. ఆఫీసు కట్టేసే వేళ. శేషావతారం టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంటున్నాడు.

"అయ్యా, దాడిదారు ఏ ఫారం పెట్టుకోవాలండి?"

"దాడిదారు ఫారం పెట్టడమేమిటమ్మా? మాది రక్షణ శాఖ. దాడి మా పరిధిలోకి రాదు."

"పర్మిషన్ అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"షరతులేమన్నా ఉంటాయా?"

"నిబంధనలు లేని విషయంలో షరతులు ఎలా ఉంటాయి?"

"కత్తి తూకం, వెనక్కి తగ్గటం, గోడ..."

"అవన్నీ రక్షించుకునేవారికి," అన్నాడు శేషావతారం కాస్త విసుగ్గా. "దాడిదారు దారిన దాడిదారు పోతాడు. నన్నెందుకు వేధిస్తారు?"

నూకరత్నం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఈ ఆఫీసుకి వచ్చాక ఆమె మనస్ఫూర్తిగా పెట్టిన దణ్ణం అదొక్కటే.

ఆదివారం పదింటికి బస్టాండు కిటకిటలాడిపోయింది. మొట్టమొదటి అనుమతి అమలు కాబట్టి శేషావతారం గొడుగు వేసుకుని స్వయంగా వచ్చాడు. వెంట ఎల్లాజీ అనే హెడ్ కానిస్టేబుల్ కొలత టేపుతో వచ్చాడు. అంతా వీడియో తీయడానికి ఒకతన్ని పెట్టారు. సూరిబాబు రాడ్డు పట్టుకుని, లామినేషన్ కాగితం మెడలో వేలాడదీసుకుని, బండికి పది గజాల దూరంలో నిలబడ్డాడు.

"ఏంటక్కా, రా మరి. నువ్వు మీదికి రావాలంట," అన్నాడు.

నూకరత్నం చేతిలో ఉన్న కాయ మూడు వేట్లతో కొట్టి, బేరగాడికి ఇచ్చింది. కొంగు నడుముకి దోపుకుంది. కత్తి పట్టుకుని అతని వైపు నడిచింది.

సూరిబాబు రాడ్డెత్తాడు.

"ఆగవయ్యా," అన్నాడు శేషావతారం. "షరతు రెండు. వెనుకకు తగ్గవలెను."

సూరిబాబు ఒకడుగు తగ్గాడు. ఆమె ఒకడుగు వేసింది. అతను ఇంకోటి తగ్గాడు. ఆమె ఆగలేదు. బస్టాండు మరుగుదొడ్డి గోడ అతని వీపుకి తగిలింది.

"గోడ వచ్చేసిందండి," అన్నాడు సూరిబాబు సంబరంగా.

శేషావతారం ఫైలు తిరగేశాడు. "ఇది కూల్చివేత జాబితాలో ఉంది. గోడగా పరిగణించరాదు. ముందుకు... అనగా వెనుకకు సాగండి."

తర్వాత బడి గోడ వచ్చింది. అది విద్యాశాఖది, వాళ్ళ అభ్యంతరం లేని పత్రం కావాలి. తర్వాత సూరిబాబు సొంత ఇంటి ప్రహరీ వచ్చింది. అతను దానికి ఆప్యాయంగా ఆనుకుని, "ఇది నాదేనండి, నేనే కట్టించాను," అన్నాడు. ఎల్లాజీ టేపు పట్టి కొలిచి, గోడ రోడ్డులోకి ఐదడుగులు వచ్చిందనీ, కాగితాల ప్రకారం అక్కడ గోడ లేదనీ చెప్పాడు. సూరిబాబు తన ఇంటిముందు నుంచే వెనక్కి నడుచుకుంటూ పోయాడు. వాకిట్లో నిలబడ్డ అతని భార్య చూసి, ఏమనాలో తెలియక లోపలికి వెళ్ళిపోయింది.

"ఎల్లాజీ, ఈవిడ కత్తి పట్టుకుని నా మీదికొత్తంది, కేసు కట్టవయ్యా," అన్నాడు సూరిబాబు రొప్పుతూ.

"దెబ్బ తగిలిందా?" అన్నాడు ఎల్లాజీ.

"ఇంకా లేదు."

"తగిలాక చెప్పు."

ఇన్నాళ్ళూ సూరిబాబు చేసినవన్నీ ఎవరూ చూడని పనులు. ఇప్పుడు సర్కారువాళ్ళే ఎదుట నిలబడి చూస్తున్నారు, వీడియో తీస్తున్నారు. షరతు తప్పితే ఉరే. అతను రాడ్డుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ వెనక్కి నడిచాడు. నూకరత్నానికి భయం పూర్తిగా పోలేదు. కాని అతని నుదుటి మీద చెమట చూశాక, ఆ భయంలో సగం అవతలివాడు మోస్తున్నాడని తెలిసింది. అంత తేలికగా ఆమె ఏనాడూ నడవలేదు.

సూరిబాబు కాలవ వంతెన దాటి అవతలి గట్టు మీద కాలు పెట్టేసరికి, శేషావతారం గొడుగు ఎత్తి అందరినీ ఆపాడు.

"ఇక్కడితో మా పరిధి ముగిసింది. అవతల పక్క మండలం. అక్కడ సదరు అనుమతి చెల్లదు."

"అయితే ఇటొచ్చేత్తానండి," అన్నాడు సూరిబాబు.

"ఎలా వస్తారు? దాడిదారు ఇటువైపు ఉన్నారు. షరతు ఒకటి. దాడిదారు వైపు అడుగు వేయరాదు."

"నాకీ పర్మిషనే వద్దండి. తిరిగిచ్చేత్తాను."

"మంచిది. దరఖాస్తుతో కార్యాలయానికి స్వయంగా హాజరు కావలెను," అన్నాడు శేషావతారం. కార్యాలయం ఇటుపక్కనే ఉంది.

అప్పటినుంచి సూరిబాబు అవతలి గట్టున చెల్లెలి ఇంట్లో ఉంటున్నాడు. పొద్దుటిపూట వంతెన దాకా వచ్చి, ఇటు చూసి వెళ్తాడట. బామ్మర్ది జూసు షాపు మాట మళ్ళీ ఎత్తలేదు. భగవాన్లు బరకం ముందు మాత్రం మర్నాటి నుంచే వరస పెరిగింది. సైకిల్ స్టాండు అప్పల్రాజు, పూలమ్మేవాళ్ళు, రిక్షావాళ్ళు, అందరూ తమను దాడిదారులుగా రాయించమంటున్నారు. ఫారం లేదని భగవాన్లు ఎంత చెప్పినా వినడం లేదు.

వారం తర్వాత శేషావతారం నూకరత్నం బండి దగ్గరికి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"అమ్మా, చిన్న పొరపాటు జరిగింది. రికార్డుల్లో తమరు శాశ్వతంగా దాడిదారుగా నమోదయ్యారు. తమవంటి మర్యాదస్తురాలికి అది మచ్చ. ఒక అర్జీ పెట్టుకుంటే, తొలగించే విషయం ప్రభుత్వ పరిశీలనకు పంపుతాను."

"వద్దండి."

"అదేమిటమ్మా, చెడ్డపేరు కదా?"

"పదకొండేళ్ళు మంచిపేరుతో ఇక్కడే కూర్చున్నానండి. ఎవడు బడితే ఆడొచ్చి బోండాం తాగి, సంపేత్తానని సెప్పెళ్ళేవాడు. మీ దగ్గరికి తొమ్మిదిసార్లొచ్చాను. ఒక్కరూ నా పక్కన నిలబడలేదు." ఆమె గొంతు పెరగలేదు. "ఈ పేరొచ్చాక వారం నించి హాయిగా నిద్దరోతన్నాను. దాన్ని తీసేత్తే నన్నెవరు కాపాడతారండి, మీరా?"

శేషావతారం ఆ ప్రశ్నకి సంబంధించిన నిబంధన కోసం కాసేపు ఆలోచించాడు. దొరకలేదు.

"ఎండన పడొచ్చారు, బోండాం తాగండి," అని నూకరత్నం గెలలోంచి ఒక కాయ తీసి కత్తెత్తింది.

శేషావతారం ఏ ఫైలూ చూడకుండా రెండడుగులు వెనక్కి వేశాడు.